మా అయ్య ఎదురు రాని రోజు

మొన్న లంబాసా బస్‌స్టాండులో బస్సెక్కి కూర్చుంటే నా సీటు కిందికి ఒకాయన ఎండుకొబ్బరి గోనె తోశాడు. బస్సు కదిలి, రేకు వేడెక్కేసరికి ఆ వాసన లేచింది. కొంచెం తీపి, కొంచెం పొగ, అడుగున ఎక్కడో ముక్కిపోయిన నూనె కంపు. ముందు సీట్లో కూర్చున్న చదువుకునే పిల్ల చున్నీతో ముక్కు మూసుకుంది. నాకు ఒళ్ళు మండింది. మూసుకో తల్లీ మూసుకో, నీ ముత్తాతలు ఆ కంపులోనే పెళ్ళాడి, ఆ కంపులోనే పిల్లల్ని కని, ఆ కంపుతోనే కాటికి పోయారు అని అనబోయాను. అనలేకపోయాను. మర్యాదకి కాదు, ఏడుపొచ్చేసింది. అరవై దాటిన ముసలిదాన్ని, నలుగురి మధ్య కూర్చుని కొబ్బరి గోనె వాసనకి ఏడిస్తే ఏం బాగుంటుంది? కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఫిజీ అనగానే అందరూ చెరకు తోటలే అనుకుంటారు. మాది చెరకు సీమ కాదు, నూనె సీమ. సవుసవు అఖాతం ఒడ్డున, ఒక తెల్లదొర కొబ్బరి ఎస్టేటులో, లైన్లని పిలిచే కూలీల గదుల వరసల్లో పుట్టాను నేను. మా నాన్న పోలయ్య, మా అమ్మ నరసమ్మ గిర్మిట్ మీద, అంటే ఐదేళ్ళ కూలీ ఒప్పందం మీద, వేలుముద్ర వేసి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఎటు చూసినా కొబ్బరిచెట్లే; సముద్రం దాకా దిగి, కొండ మీదికి ఎక్కి, మధ్యలో మనిషికి చోటుందా లేదా అన్న ధ్యాస లేకుండా నిలబడి ఉండేవి. మగవాళ్ళు రాలిన కాయల్ని ఏరి గొడ్డలితో రెండు చెక్కలు చేస్తే, ఆడవాళ్ళు వంకర కత్తితో కొబ్బరి తొలిచి గోనెల్లో నింపేవారు. అది ఎత్తైన పందిళ్ళ మీద ఎండి, గోనెల్లో పడవెక్కి, పడవ నుంచి ఓడెక్కి, ఏ దేశమో పోయి సబ్బూ నూనే అయ్యేది. ఇంత కొబ్బరి మధ్య బతికే మా ఆడవాళ్ళ తలలు మాత్రం పీచులా ఉండేవి. కింద పడ్డ కాయ ఇంటికి తెచ్చుకున్నా దొంగతనమే. మంగలి ఇంట్లో అద్దానికి కరువన్నట్టుండేది మా బతుకు.

ఆ పందిళ్ళకి చక్రాల మీద దొర్లే రేకు కప్పులుండేవి. ఎండ కాసినంతసేపూ కప్పు పక్కకి, చినుకు పడితే కొబ్బరి మీదికి. వానాకాలంలో మా పిల్లల పనల్లా కొండ మీది మబ్బుని కనిపెట్టి ఉండడమే. మబ్బు నల్లబడిందంటే "వచ్చె వచ్చె" అని అరుచుకుంటూ పోయి, అందరం కలిసి భుజాలు ఆనించి ఆ కప్పు తోసేవాళ్ళం. అది కిర్రుమంటూ కదిలేసరికి తడిసిన రేకు మీద వాన మోత, కింద పొయ్యిలో చిప్పలు కాలే పొగ, లోపల్నుంచి వేడి కొబ్బరి ఆవిరి. ఆ ఆవిరిలో నోరు తెరుచుకుని నిలబడితే కడుపు నిండినట్టుండేది. మా మీద అజమాయిషీ చేసే సర్దారు చూడకుండా ఒక ముక్క బుగ్గన పెట్టుకుని పొద్దస్తమానం నమిలేవాళ్ళం. అడిగితే పన్నునొప్పి అనేవాళ్ళం. లైన్లలో పిల్లలందరికీ ఒకేసారి పన్నునొప్పి ఎలా వచ్చిందో పాపం ఆయన ఎన్నడూ అడగలేదు.

చలిగాలులు వీచే రోజుల్లో అమ్మ నన్ను ఉడుకునీళ్ళ ఊట దగ్గరికి తీసుకెళ్ళేది. భూమిలోంచి నీళ్ళు సలసలా కాగుతూ వస్తుంటే, కైవీతీ ఆడవాళ్ళు, అంటే ఈ దేశంలో పుట్టినవాళ్ళు, డాలో అనే చేమదుంపల్ని ఆకుబుట్టల్లో కట్టి అందులో వేసి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవారు. దుంప ఉడికాక ఒకటి మా ఒళ్ళో వేసేవారు. అమ్మ వాళ్ళకి ఉప్పుచేప ఇచ్చేది. ఒకరి మాట ఒకరికి రాదు, నవ్వులు మాత్రం అందరివీ ఒకటే.

పండగలు మాకు గుర్తున్నంత మేరకే జరిగేవి. పంచాంగం లేదు, అయ్యవారు లేడు. చంద్రుణ్ణి చూసి, వేళ్ళు మడిచి, కొట్లాడుకుని తిథి తేల్చేవారు. నాగుల చవితి వచ్చేసరికి పెద్ద చిక్కు. మా లైన్ల చుట్టుపక్కల పుట్ట లేదు, పాము కంటబడదు. చివరికి ఆడవాళ్ళందరూ కలిసి ఒడ్డున ఎండ్రకాయల బొరియల్లో పాలు పోసి, దణ్ణం పెట్టి, నువ్వులు లేక కొబ్బరితోనే చిమ్మిలి చేసి పంచేవారు. ఒక ఏడు అమ్మ పాలు పోసీపోయగానే ఎండ్రకాయ మీసాల నిండా పాలతో బయటికొచ్చి కళ్ళు నిక్కబొడుచుకుని చూసింది. నేను విరగబడి నవ్వాను. అమ్మ నెత్తిన ఒక్కటిచ్చి, "నవ్వకే గుంటా, ఈ దేశంలో నాగన్న ఇలాగే ఉంటాడు కామోసు" అని మళ్ళీ దణ్ణం పెట్టింది.

మా నాన్నని నేను అయ్యా అనేదాన్ని. ఆయన కులానికి తెలికల. విజయనగరం వైపు ఒక పల్లెలో తాతల నాటి నుంచి గానుగ తిప్పిన ఇల్లు. నువ్వుల నూనె అందరికీ కావాలి, నూనె ఆడే మనిషి మాత్రం పొద్దున్నే ఎదురుపడకూడదు. తెలికలవాడు ఎదురొస్తే అపశకునమని బయల్దేరినవాళ్ళు వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మరీ వెళ్ళేవారట. అందుకని చిన్నప్పటి నుంచీ ఆయనకి ఒక అలవాటు పడిపోయింది: తెల్లారి దారిలో ఎవరైనా వస్తుంటే ఆగి, పక్కకి తప్పుకుని, మొహం గోడ వైపు తిప్పుకుని నిలబడడం. ఓడ దిగాక కూడా అది పోలేదు. లైన్ల దగ్గర గోడ లేకపోతే కొబ్బరిచెట్టు వైపు తిరిగేవాడట.

అది మానిపించింది మా అమ్మ. ఆమె కాపుల ఆడపడుచు. మొదటి మొగుడు పోయాక, మూడేళ్ళ కూతురు పైడమ్మని అమ్మమ్మ దగ్గర వదిలి, ఐదేళ్ళలో తిరిగొస్తానని, కూలీలని ఓడెక్కించే డిపోకి వచ్చింది. ఓడలో మా అయ్యని చూసి, ఆయన్నే చేసుకుంది. ఊళ్ళో అయితే ఆయన ఎదురొస్తే వెనక్కి తిరిగే ఇల్లు ఆమెది. ఇక్కడ మాత్రం రోజూ తెల్లారి పనికి బయల్దేరే ముందు, కత్తి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి పిలిచేది.

"మావా, ఇటు రా. నా ఎదర్నించి రా."

"ఎందుకే నరసమ్మా, పొద్దున్నే..."

"ఊరుకో. రేవు కాడ మనల్ని ఓడెక్కించినోడు తెలికిలోడేటి? ఆడు పెద్దకులపోడే, బొట్టెట్టుకుని నవ్వుతా ఎదురొచ్చాడు. ఏటయింది మన గతి? రా, రా, పొద్దెక్కిపోతంది."

అయ్య సిగ్గుపడుతూ నాలుగడుగులు ఎదురు నడిచేవాడు. అమ్మ ఆయన మొహం చూసి, నవ్వి, అప్పుడు పనికి వెళ్ళేది. మొదట్లో చూసి నవ్వుకున్న లైన్లవాళ్ళే తరవాత తరవాత, "పోలన్నా, ఓపాలి ఎదురు రావా" అని అడిగేవారు. పక్క గదిలో ఉండే హిందుస్తానీ ముసలమ్మ, మేమంతా ఆజీ అని పిలిచేవాళ్ళం, ఆవిడ కూడా కర్ర పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేది. మా అయ్య పుట్టి బుద్ధెరిగాక మనుషులు తన మొహం కోసం ఎదురుచూడడం ఈ దేశంలోనే చూశాడు.

ఐదేళ్ళ గిర్మిట్ తీరాక అయ్య ఎస్టేటు పక్కనే కైవీతీ పెద్దాయన దగ్గర కాస్త నేల కౌలుకి తీసుకుని, పాక వేసుకుని, వెసి చెట్టు మొద్దు తొలిచి గానుగ కట్టాడు. ఎస్టేటువాళ్ళు పనికిరాదని పారేసే తుక్కు కొబ్బరి, ఒక ముసలి కుంటి ఎద్దు, ఇవే మా ఆస్తి. ఎద్దు కళ్ళకి గంతలు కట్టి తోలితే, గానుగ మూలుగుతూ తిరిగేది. ఆ మూలుగు మా ఇంటి గడియారం. నూనె పచ్చగా, వేడివేడిగా జారి కుండలో పడుతుంటే కైవీతీ ఆడవాళ్ళు కూడా "వైవై, వైవై" అంటూ బుడ్లు పట్టుకొచ్చేవారు, వాళ్ళ మాటలో నూనె అని. లైన్లలో ఆడవాళ్ళ తలలు నున్నబడ్డాయి. దీపాలు వెలిగాయి. అమ్మకి మాత్రం ఆ నూనెతో వంట నచ్చేది కాదు. "తలకి రాసుకునేది పోపులో ఎయ్యడమేటి, సవరం ఉడకబెట్టుకు తిన్నట్టుంది" అని తిట్టుకుంటూనే తాలింపు వేసేది, తిట్టుకుంటూనే తినేది.

ఆమె గుండెలో మాత్రం పైడమ్మ ఎప్పుడూ ఒక పక్కన కూర్చునే ఉండేది. నా తల దువ్వుతున్నప్పుడు చెయ్యి ఆగిపోయేది. "మీ అప్పకి జుట్టు నీకన్నా ఒత్తు" అనేది. నాకు కొత్త గౌను కుడితే, "అప్పకీపాటికి ఓణీ ఎయ్యాల" అనేది. నేను ఎన్నడూ చూడని ఆ అప్ప మీద నాకు బోలెడు అసూయా, బోలెడు ప్రేమా.

పదేళ్ళు ఈ దేశంలో ఉన్నవాళ్ళకి తిరిగి వెళ్ళే ఓడ ఉచితం. ఆ పదేళ్ళు నిండాయి. ఇంట్లో మాటలు మొదలయ్యాయి. అయ్య వెళ్తే ఆ ఊళ్ళో ఆయన్ని అల్లుడని ఎవరు గడప ఎక్కనిస్తారు? వెళ్ళకపోతే పైడమ్మ ఏమైపోతుంది? చివరికి అమ్మే దారి తేల్చింది. తాను ఒక్కతే వెళ్తుంది. పైడమ్మని తీసుకుని, మళ్ళీ డిపోకి పోయి, ఇద్దరూ గిర్మిట్ మీద వేలేసి, కూలీ ఓడలోనే వెనక్కి వస్తారు. డబ్బు పెట్టి వచ్చే తాహతు మాకెక్కడిది, ఉన్నది ఆ ఒక్క దారే. ఒకసారి తప్పించుకున్న కాడిని మళ్ళీ మెడ మీద పెట్టుకుంటానంది మా అమ్మ, కూతుర్ని తెచ్చుకోవడానికి.

"మళ్ళీ ఐదేళ్ళు కొబ్బరి తొలుస్తావేటే?" అన్నాడు అయ్య.

"తొలుస్తాను. సిన్నదాన్ని నీకాడ ఒగ్గేసి ఎల్తన్నాను కదా, రాక ఎక్కడికి పోతాను?"

అదీ ఒప్పందం. నేను ఆమె తిరిగి రావడానికి పూచీ. ఆ మాట అప్పుడు నాకు గొప్పగా అనిపించింది.

బయల్దేరే రోజు పొద్దున్నే అమ్మ నాకు తలంటు పోసింది. కుంకుడుకాయ లేని దేశం, నిమ్మరసం పెట్టి రుద్దింది. రెండు జడలు వేసి, కొబ్బరినూనె కారేటట్టు రాసింది. రేవులో కొబ్బరి గోనెలు ఎక్కించుకుని పడవ సిద్ధంగా ఉంది. అది ఆమెని సువా చేరిస్తే అక్కడ ఓడ. అయ్య మూట కట్టి నా చేతికిచ్చి, "మీరు పదండి, నానెనకమాల వస్తాను, ఎద్దుకి మేతేసి" అన్నాడు. అమ్మ గుమ్మంలో ఒక్క నిమిషం ఆగి చూసింది. ఆయన పాక వెనక్కి వెళ్ళిపోయాడు. ఆజీ ఒక చెయ్యి, అమ్మ ఒక చెయ్యి పట్టుకుని నన్ను రేవుకి నడిపించారు.

రేవులో చాలాసేపు నిలబడ్డాం. పోటు తీస్తున్నది, పడవవాడు తొందరపెడుతున్నాడు. లైన్లవాళ్ళందరూ వచ్చారు. ఒక్కొక్కరూ ఊళ్ళో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పి, కనిపిస్తే ఇలా చెప్పు, అలా చెప్పు అని ఏడుస్తున్నారు. అమ్మకి అవేవీ చెవికెక్కడం లేదు. దారి వైపే చూస్తోంది. మెడ చాపి చూస్తోంది.

"మీ అయ్యకి కోపమొచ్చిందేటే?" అని నన్నడిగింది.

"నాకు తెల్దమ్మా" అన్నాను. నిజంగానే తెలియదు.

"వత్తాడులే. నా ఎదరకి రాకండా ఎన్నడున్నాడు" అంది. ఆజీ వైపు తిరిగి, "ఆజీ, ఇస్కో దేఖ్‌నా" అని నన్ను ఆమెకి అప్పజెప్పింది. పడవవాడు తాడు విప్పేశాడు. ఎవరో చెయ్యి పట్టుకుని అమ్మని ఎక్కించారు. పడవ తిరిగేటప్పుడు కూడా ఆమె చూసింది నన్ను కాదు, నా వెనక దారిని. ఆ సంగతి నేను ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నాకు బాధేసింది.

ఇంటికొస్తే అయ్య పాకలో లేడు. ఎద్దు మేత తింటోంది. వెతుక్కుంటూ పోతే, కొబ్బరి ఎండబెట్టే పందిరి వెనక, మొహం పొయ్యి గోడ వైపు తిప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊళ్ళో దారి తప్పుకునేటప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే.

"ఎల్లిపోయిందా?" అన్నాడు, తిరగకుండానే.

"నీ కోసం సూసింది అయ్యా. ఎందుకు రాలేదు?"

"రోజూ అంటే సరే గుంటా, ఆ గట్టు దాకా ఎల్లే పనికి. ఇది రెండు సముద్రాలు దాటే పని. ఆడకూతుర్ని తేవాల. ఇదొక్క పాలీ నా మొకం అడ్డు పడకూడదనుకున్నాను." అని, అప్పుడు తిరిగాడు. అంత పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. పదేళ్ళు అమ్మ రోజూ పొద్దున్నే నవ్వుతూ తుడిచేసిన భయం, ఆమె గడప దాటిన ఆ ఒక్క పూటా మళ్ళీ ఆయన మెడ పట్టుకుంది. ప్రేమ లేక రాలేదనుకుని వెళ్ళిందేమో అమ్మ. ప్రేమ ఎక్కువై రాలేదని ఆమెకి ఎవరు చెప్పాలి?

తరవాత మా బతుకంతా ఎదురుచూపే. గోనెలకి పడవ వచ్చిందంటే నేను రేవుకి పరుగు. అయ్య పాకకి ఇంకో గది కలిపాడు, పైడమ్మకని. గానుగ ఆడినప్పుడల్లా మొదటి నూనె ఒక సీసాలో పోసి, "ఇది మీ అప్ప తలకి" అని గూట్లో పెట్టేవాడు. కొన్నాళ్ళకి అది ముక్కిపోయేది. పారబోసి కొత్తది పోసేవాడు. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందనీ, అందుకే కూలీ ఓడలు రావడం లేదనీ సర్దారు చెప్పాడు. యుద్ధం అయిపోతే వస్తాయి కదా అని మేం నమ్మాం. మీరైనా వెళ్ళి తెచ్చుకోరాదా అని ఎవరైనా అంటే, "నాను అటెల్తే అది ఇటొస్తాదేమో" అనేవాడు అయ్య.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా కాబోలు, ఒక మధ్యాహ్నం ఎస్టేటు గంట ఆగకుండా మోగింది. అందరూ కత్తులు పడేసి పరుగెత్తారు. గిర్మిట్ రద్దయిందట. ఉన్నవాళ్ళ కాగితాలన్నీ కొట్టేశారట, ఇక ఎవరూ ఎవరికీ కూలీ బానిస కాదట. ఆ రోజు నేను చూసిన సంతోషం మళ్ళీ ఎక్కడా చూడలేదు. మగవాళ్ళు ఒకరినొకరు ఎత్తుకున్నారు. నడుం వంగిన ఆజీ కర్ర పారేసి నాట్యం చేసింది. సాయంత్రం లైన్ల నిండా దీపాలు పెట్టాలన్నారు, నూనె కావాలి పోలన్నా అన్నారు. అయ్య ఎద్దుని కట్టి గానుగ తిప్పడం మొదలుపెట్టాడు. మనిషి మొహం కూడా వెలుగుతోంది. నూనె పోయించుకోవడానికి వచ్చిన సర్దారుని మామూలుగానే అడిగాడు.

"అయితే బాబూ, ఓడలు మళ్ళీ ఎప్పుడు మొదలెడతారంట?"

"ఏ ఓడలు?"

"కూలీ ఓడలు. ఏలేసినోళ్ళని తెచ్చేవి."

సర్దారు పెద్దగా నవ్వి, ఆనందంతో మా అయ్య భుజం చరిచాడు. "ఇంకెక్కడి ఓడలు పోలయ్యా! అయ్యిపోయింది. డిపోలు మూసేశారు. ఇంక ఏ తల్లీ, ఏ బిడ్డా ఇలా ఈ దేశం రారు!"

ఎద్దు ఆగిపోతే అయ్య దాని వీపు మీద చెయ్యి వేసి, మళ్ళీ నడిపించాడు. వచ్చినవాళ్ళందరికీ కుండల నిండా నూనె పోశాడు. చీకటి పడ్డాక నాతో కూడా దీపం పెట్టించాడు. "ఊరంతా ఎలుగుతా ఉంటే మనింట సీకటుంటే బాగోదు" అన్నాడు. ఆ తరవాత గూట్లో సీసా ఆయన మార్చలేదు. బతికినన్నాళ్ళూ గిర్మిట్‌ని గాని, యుద్ధాన్ని గాని, దొరల్ని గాని ఒక్క మాట అనలేదు. "నాను ఎదురెల్లుంటే వచ్చేది" అనే అనుకుంటూ పోయాడు. అమ్మ కబురు మాకెప్పుడూ అందలేదు. పైడమ్మ చెయ్యి పట్టుకుని డిపో దాకా వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగిందేమోనని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆ తలుపు ముందు ఆమె ఎంతసేపు నిలబడిందో.

ఇప్పుడు అక్కడ లైన్లు లేవు. ఎస్టేటు చేతులు మారింది, పందిళ్ళ రేకులు తుఫానుకి ఎగిరిపోయాయి. వెసి మొద్దు ఎవరి పొయ్యిలో కాలిందో తెలియదు. మా అమ్మ మాట మాట్లాడేవాళ్ళు ఈ దీవిలో ఇంకా ఎందరున్నారో, మా ఇంట్లో మాత్రం నేనొక్కదాన్నే. నా మనవలు "గుంటా" అంటే పేరనుకుంటారు.

కిందటేడు మనవరాలి బడిలో గిర్మిట్ ముచ్చట్లు చెప్పమని నన్ను పిలిచి కుర్చీ వేశారు. కొరడా దెబ్బల గురించి చెప్పాను, జ్వరాలతో పోయిన పిల్లల గురించి చెప్పాను, అన్నీ నిజాలే. చివర్లో ఒక చిన్నది లేచి, గిర్మిట్ ఆగిపోయిన రోజు మీకు ఎంత సంతోషమేసింది నానీ అని అడిగింది. చాలా సంతోషమేసిందమ్మా, అందరికీ వేసింది అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పదిమంది ముందు చెప్పే మాట అదే, అది తప్పూ కాదు. కాని ఏ మనిషికీ రాకూడని ఆ కూలీ ఓడలు ఇంకొక్క ఏడాది, ఇంకొక్కటంటే ఒక్క ఏడాది నడిచి ఉంటే ఎంత బాగుండును అని, నేను ఇవాళ్టికీ అనుకుంటాను.